ఎఫ్ ఆఫ్ ఎక్స్‌తో నా తంటా

ఆత్మకూరు, నవంబరు 5, 1956
నేటి నుంచి ఆల్జీబ్రా! మార్చిలో ప్రైవేటుగా ఎస్సెస్సెల్సీ రాసి తీరాలి. పాసైతే ట్రైనింగు, ఆపైన టీచరుద్యోగం. మా ఆయనే హైస్కూల్లో లెక్కల అయ్యవారు, ఇక నాకేం దిగులు? వేకువనే లేవాలి. పగటి నిద్ర బంద్!

నవంబరు 7
ఎక్స్ తేలిపోయింది. భేష్ రాఘవమ్మా! ఇక ఎఫ్ ఆఫ్ ఎక్స్. "రైసుమిల్లు అనుకోవే. ఎఫ్ మిల్లు, ఎక్స్ వడ్లు. పోస్తే బియ్యం వస్తాయి" అన్నారు ఆయన. ఓస్, ఇంతేనా!

నవంబరు 8
ఎఫ్ ఆఫ్ ఎఫ్ ఆఫ్ ఎక్స్ అట. బియ్యాన్ని మళ్ళీ మిల్లులో పోస్తే నూకలైపోవా? అడిగితే "మిల్లు వద్దులే, కాఫీ ఫిల్టరు అనుకో" అన్నారు. సాయంత్రానికి కుట్టుమిషను అయింది. ఇంట్లో సామానంతా అయిపోయింది, ఎఫ్ మాత్రం రాలేదు.

నవంబరు 11
చదవలేదు. జలదంకి నుంచి ఆడబిడ్డ వచ్చింది. నిన్న తలనొప్పి. మొన్న తలంటు.

నవంబరు 13
"ఇంత చిన్న సంగతి బుర్రకెక్కదేందే?" అన్నారు. పుస్తకం అటకెక్కించాను. "నాకొద్దీ పరీక్ష. దరఖాస్తు పంపబాకండి" అనేశాను. హాయిగా ఉంది.
(అబద్ధం. ఏడ్చాను.)

నవంబరు 16, మధ్యాహ్నం
ఓటర్ల జాబితా రాసుకునే అతను వచ్చాడు. పక్కింటి మాలకొండమ్మను మొగుడి పేరడిగాడు. "మొగుడి పేరు నోటితో ఎట్ట చెప్పేదయ్యా? మా ఆయన నాయనకి నాయన ఉన్నాడే, ఆయన పేరే ఈయనకీ పెట్టినారు. రాసుకో" అంది. అతను బుర్ర గోక్కున్నాడు. "ఓబులయ్య" అని నేనందించాను. తరువాత నా వంతు. నాకూ నోరు పెగల్లేదు! "కోదండరామయ్య అయ్యవారు" అని ఆమె అందించింది.

అప్పుడు వెలిగింది. "మా ఆయన" అని ఆమె అంటే ఓబులయ్య, నేనంటే మా అయ్యవారు. మాట ఒకటే, అనే మనిషిని బట్టి వచ్చే మనిషి మారతాడు. ఆ మాట ఎఫ్! అనే మనిషి ఎక్స్! "నాయన" అన్నా అంతే. నాయనకు నాయన ఎవరు? తాత. ఎఫ్ ఆఫ్ ఎఫ్! నోరొచ్చిన నాటి నుంచీ అంటున్న మాటలకు ఇన్నాళ్ళూ మిల్లులెందుకు తిరిగానో!

సాయంత్రం
ఆయనకు చెప్పాను. "నేనింతకాలం పిల్లలకి మిల్లనే చెప్తా ఉండానే" అని గొణిగారు.
"నా దరఖాస్తు?" అన్నాను.
"నువ్వే వద్దంటివి గదా. నిన్నటితో గడువు అయిపోయింది."
వంటింట్లో చతికిలబడ్డాను.

నవంబరు 17, వేకువ
కళ్ళు వాచాయి. అయినా పుస్తకం దించాను. దుమ్ము దులిపాను. నేటి నుంచి ఆల్జీబ్రా, మొదటి పేజీ! ఈ ఏడు పోతే వచ్చే ఏడు. ఈసారి దరఖాస్తు ఆయన చేతికివ్వను. నేనే పోస్టు డబ్బాలో వేసి వస్తా. ఏడుపొస్తే ఇంటికొచ్చాక ఏడుస్తా.