పేడపురుగు తాయెత్తు

జూన్ 4
బడి శిలాఫలకం చెక్కడం పూర్తి. ఒక్క అక్షరం తప్పు పోలేదు.
సుబ్బులుకి గుండె పరీక్ష పదకొండున, నరసరావుపేటలో. చేతి నరంలోంచి సన్నటి గొట్టం పంపి చూస్తారట. "ముప్పై ఏళ్ల కాపురంలో నా గుండెలో ఏముందో నువ్వు చూడలా, వాళ్లు చూస్తారంట" అని నవ్వు.

జూన్ 5
పాత పేపర్ల కొట్లో దొరికిన ఈజిప్టు పుస్తకం. రోజుకు రెండు పేజీలు. ఇవాళ పేడపురుగు. మన చేలల్లో ఉండ దొర్లించేదే – వాళ్లకు దేవుడు. పొద్దున్నే సూర్యుణ్ణి అలాగే దొర్లించుకొస్తాడట. ఉండలోంచి పిల్లలు లేస్తాయి గనుక మళ్లీ పుట్టడానికి గుర్తు. రాతిలో చెక్కి ఒంటిమీద కట్టుకునేవాళ్లు, మంచి జరగాలని.
ఎన్నిసార్లు చూశాను ఆ పురుగుని! తొక్కకుండా దాటానంతే.

జూన్ 6
పేడపురుగు చెక్కడం మొదలుపెట్టా. ఎవరి పూజగదికో కోయగా మిగిలిన పచ్చ మార్బుల్ ముక్క. మూడు వేళ్ల వెడల్పు. ఒక కాలు విరిగింది – మడిచినట్టు సరిచేశా.

జూన్ 7
అడుగున సాపు చేసి సుబ్బులు పేరు చెక్కా. ముద్రగానూ వాడేవాళ్లట. మట్టిమీద అద్ది చూస్తే పేరు తిరగబడింది. శిలాఫలకాల అలవాటుకొద్దీ నేరుగా చెక్కేశా… పోనీ.

జూన్ 8
ఇచ్చాను.
"ఏందయ్యా ఇది?"
"పేడపురుగు."
పక్కింటి రాజమ్మత్తను కేకేసి మరీ చూపించింది. "అందరి మొగుళ్లు బంగారం చేయిస్తారు, మా ఆయన పేడపురుగు!"
"చానా ముద్దుగా ఉందే. మీ మామ నాకు గులకరాయి కూడా ఇవ్వలా."
నల్లదారంతో మెళ్లో వేసుకుంది. నీళ్లు పోసుకునేటప్పుడూ తీయలేదు.

జూన్ 9
పేజీ తిప్పాను.
బతికున్నవాళ్లు కట్టుకునేది చిన్నదట, బొటనవేలి గోరంత. పెద్దది, పచ్చరాయిది, అడుగున మనిషి పేరున్నది – శవం గుండెమీద పెట్టేది. పరలోకంలో గుండెను తూకం వేసేటప్పుడు అది తన మనిషికే ఎదురు సాక్ష్యం చెప్పకుండా.
పెద్దది. పచ్చరాయి. పేరు.
మూడూ నా చేత్తోనే.

జూన్ 10
"అది తీసెయ్" అన్నా.
"ఎందుకు?"
"బరువు."
"నిన్ను మోయలా ముప్పై ఏళ్లు?"
ఆస్పత్రి సంచి పొద్దుటినుంచి మూడుసార్లు సర్దింది. పైకి నవ్వే.

జూన్ 11
నరసరావుపేట. ఆస్పత్రి వరండా.
"ఒంటిమీద ఏమీ ఉండకూడదమ్మా" అంది నర్సు. నాకు ప్రాణం లేచొచ్చింది. సుబ్బులు పురుగుని తీసి, నన్ను వంగమని, నా మెళ్లో వేసింది. "వచ్చేదాకా ఇది నిన్ను చూసుకుంటది. వారం నుంచి భయపడి చస్తన్నావ్, నాకు తెలీదనా?"
తలుపు మూశారు.
పురుగు సరిగ్గా నా గుండెమీదే కూర్చుంది. బరువే. నవ్వొస్తోంది – ఎదురు బెంచీ ఆయన వింతగా చూస్తున్నాడు. ఈ గుండె మాత్రం ఊరుకునేట్టు లేదు. ఆమె రాగానే ఆ పేజీలో ఉన్నదంతా చెప్పేస్తుంది. నవ్వుద్దో, కొడుద్దో…
గంట దాటింది.
తలుపు తీశారు. లేచాను.
పిలిచింది వేరేవాళ్ల పేరు.