కత్తెర పట్టింది నేను

ఒసేయ్ చిన్నదానా,

నీ కాలేజీ దరఖాస్తు కుట్టుమిషన్ సొరుగులో పెట్టాను. రేపు సాయంత్రం అయిదింటికల్లా ఇచ్చెయ్యాలి. ఫొటో నేనే అంటించాను. హెడ్మాస్టారి సంతకం ఒక్కటే మిగిలింది, బడికి వెళ్లగానే ముందు ఆ పని చూడు.

అందులో నువ్వు రాసిన వ్యాసం చదివాను. అమ్మ చెయ్యి విరిగిన నెలలో కుట్టుకొట్టు నడిపి, నలభై యూనిఫారాలు కుట్టింది నువ్వట! సొమ్మొకడిది, సోకొకడిది. అప్పుడు నువ్వు కుట్టింది గుండీలే తల్లీ. కత్తెర పట్టింది నేను. ఆ గొడవలో పరీక్ష పోయిందీ నాదే. కడుపు మండి చింపేద్దామనుకున్నాను. కానీ ఎంత బాగా రాసి చచ్చావంటే, చదువుతుంటే నాకే ఏడుపొచ్చింది.

ఇంటర్వ్యూలో కాలర్ ఎలా కుడతారని అడిగితే నోరెళ్లబెడతావు. పాత చొక్కా ఒకటి బల్ల మీద పెట్టాను. కాలర్ విప్పి చూసుకో.

కొట్టుకి టైమైంది, వెళ్తున్నా.

అక్క

మర్చిపోయాను, వచ్చేటప్పుడు కాలేజీలో ఇంకో ఫారం తీసుకురా. నాకే. ఆ కథ నేనూ రాస్తాను. ఎవరిది నిజమని కాలేజీవాళ్లకు అనుమానమొస్తే, ఇద్దరి చేతికీ కత్తెరిచ్చి చూడమను.