అతుకు వేసిన కోటు

జనవరి 20, మంగళవారం

గున్న పోయాడు.

మా వైర్‌లెస్‌గాడు ఫోన్ చేసి చెప్పాడు. సైన్యంలో ఉన్నప్పుడు వాడు వైర్‌లెస్ సెట్ చూసేవాడు. అప్పటి అలవాటు, ఇప్పటికీ ఫోన్లో ప్రతి ముక్కా రెండుసార్లు చెప్తాడు. గున్న పోయాడు, గున్న పోయాడు అన్నాడు. ఒకసారి చెప్పినా వినపడేది. ఉంటాను, ఉంటాను అని పెట్టేశాడు.

గున్న అంటే గున్న ఏనుగు. మా సెక్షన్‌లో అందరికంటే భారీ మనిషి. వాడు మంచం మీద కూర్చుంటే అవతలి కొస లేచేది. అలాంటివాడు ఆసుపత్రిలో నెలల తరబడి మూలిగి మూలిగి పోయాడట. నాకు ముందే చెప్పొచ్చు కదా అంటే, చెప్పి ఏం చేస్తావురా అన్నాడు వైర్‌లెస్. అదీ నిజమే.

మాట్లాడితే దవడ నొప్పి, రాస్తే వేళ్లు నొప్పి. వేళ్ల నొప్పే కాస్త నయం, అందుకే ఈ డైరీ. ఇవాళ వేళ్లు కూడా సహకరించడం లేదు.

జనవరి 21, బుధవారం

సెలవు అడిగాను. పోయినాయన మీకు దగ్గరి బంధువా అన్నాడు సూపర్‌వైజర్. అవునన్నాను.

జనవరి 22, గురువారం. సాయంత్రం

పొద్దున గున్న వాళ్లింటికి వెళ్లొచ్చాను. మూడో అంతస్తు, లిఫ్టు పాడైంది. ఎక్కేసరికి తాతలు దిగొచ్చారు. కింద మెట్ల దగ్గరే డ్రైవరూ వైర్‌లెస్సూ కలిశారు. మా సెక్షన్‌లో మిగిలింది ఈ ముగ్గురమే. డ్రైవర్‌కి మోకాళ్లు పోయాయి, వైర్‌లెస్‌కి ఓ చెవి పోయింది, నాకు దవడ సంగతి సరేసరి. ముగ్గుర్నీ కలిపి కుడితే ఒక మనిషవుతాడేమోరా అన్నాడు డ్రైవర్. నవ్వడానికి ఎవరికీ ఊపిరి మిగల్లేదు.

అక్కడ జరిగింది నాకింకా మింగుడు పడటం లేదు. గున్న భార్య నన్ను చూడగానే లేచి నిలబడింది. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, ఈయనే ఆయన అంది. కొండ మీంచి మా ఆయన్ని భుజాన వేసుకుని దించింది ఈ అన్నయ్యగారే, ఈయన లేకపోతే నాకీ సంసారమే లేదు అంది. గున్న కూతురు నా రెండు చేతులూ పట్టుకుని తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. నాన్న ఏటా ఈ కథ చెప్పేవాడు మామయ్యా, మాకు కంఠతా వచ్చు అంది.

నా నోరు మామూలుగానే సగం తెరుచుకుంటుంది. ఇవాళ ఆ సగం కూడా తెరుచుకోలేదు. జరిగింది పూర్తిగా తలకిందులు. మోసింది గున్న. మోయించుకుంది నేను.

పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లతో కాదూ కూడదూ అని వాదించలేం కదా. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం సంతాప సభ పెడతారట. ఆ కథ నా నోటితో చెప్పాలట. సరేనన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, ఒళ్లంతా అలసటగా ఉంది.

జనవరి 24, శనివారం

డ్యూటీకి వెళ్లాను. పళ్లూ కూరగాయలూ దాచే కోల్డ్ స్టోరేజీ అది. గేటు దగ్గర నా కుర్చీ. పొద్దున ఓసారి, మధ్యాహ్నం ఓసారి లోపలికెళ్లి తలుపులు సరిగా పడ్డాయో లేదో చూడాలి. లోపలికెళ్లేవాళ్ల కోసం కంపెనీ లావుపాటి కోటు ఇచ్చింది. అది మేకుకే వేలాడుతుంది. నేను రెండు స్వెట్టర్ల మీద శాలువా చుట్టుకుని వెళ్తాను. మీకు కోటంటే ఎలర్జీయా అని అడిగాడు సూపర్‌వైజర్. దానికీ అవునన్నాను. ఈ మధ్య అన్నిటికీ అవుననేయడమే సులువుగా ఉంది.

గున్న ఏడాదికోసారి మా ఇంటికి వచ్చేవాడు. చలికాలంలో, నాకు దెబ్బ తగిలిన తారీఖునే. కూర్చునేవాడు, టీ తాగేవాడు, దవడ ఎలా ఉందిరా అనేవాడు. బానే ఉంది అనేవాణ్ణి. అంతే, లేచి వెళ్లిపోయేవాడు. ఈ ముక్క అడగడానికి ఇంత దూరం రావాలా, ఫోన్ చేస్తే పోదా అని మా ఆవిడ ఆశ్చర్యపోయేది. వాడు ఇంకేదో అడగాలని వస్తున్నాడని నాకు అనుమానం. అడుగుతాడేమోనని భయం. కప్పులోకి చూస్తూ టీ చల్లారబెట్టుకునేవాణ్ణి.

జనవరి 25, ఆదివారం. ఉదయం

డ్రైవర్ ఫోన్ చేశాడు. గురువారం నుంచి కడుపులో పెట్టుకున్నదంతా కక్కేశాడు. నువ్వు మోశావా, నీ మొహం, వాడి బూటు ఎత్తితేనే నీకు ఆయాసమొచ్చేది అన్నాడు. నా ట్రక్కు దగ్గరికి నిన్ను మూటలా మోసుకొచ్చింది గున్న కాదా, నిన్ను దించి మళ్లీ పైకెళ్లి అక్కడుండిపోయిన బుల్లోణ్ణి కూడా తెచ్చింది వాడు కాదా అన్నాడు. ఇద్దర్ని మోసిన మొనగాడు, వాడి కూతురేమో మా నాన్నని ఎవరో మోశారు అని చెప్పుకు తిరుగుతోంది, ఇదెక్కడి న్యాయంరా అన్నాడు. సభలో లేచి అసలు సంగతి చెప్పేస్తాడట.

ఆగరా అన్నాను. ఎందుకాగాలన్నాడు. జవాబుంది గానీ ఫోన్లో చెప్పేది కాదు. ముందు ఆ అమ్మాయితో నేను మాట్లాడతాను, అప్పటిదాకా నోరు మెదపకు అని బతిమాలాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

అదే రోజు. మధ్యాహ్నం

మళ్లీ చేశాడు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా, గుర్తుపెట్టుకో అని చెప్పి పెట్టేశాడు.

జనవరి 27, మంగళవారం

నిద్ర లేదు. తిండి మీద ధ్యాస లేదు. మా ఆవిడ అన్నం మెత్తగా వండింది.

జనవరి 28, బుధవారం

బుల్లోడి గురించి రాస్తాను. మొన్న డ్రైవర్ అన్న మాట రాయడం తప్ప, ఇన్నేళ్లలో ఈ డైరీలో కూడా వాడి ఊసెత్తలేదు.

సైన్యంలో ఇద్దరిద్దర్ని జత కడతారు. బడ్డీ అంటారు. తిండి, పడక, జబ్బు చేస్తే చూసుకోవడం, దెబ్బ తగిలితే మోయడం, అన్నిటికీ వాడికి వీడు, వీడికి వాడు. గున్నకి బడ్డీ బుల్లోడు. నా అంతే ఉండేవాడు, గుప్పెడు మనిషి. గున్న పక్కన నడుస్తుంటే ఏనుగు చంకలో పిల్లినెత్తుకుని పోతున్నట్టు ఉండేది. వాడి కోటు భుజం దగ్గర చిరిగితే గున్నే అతుకు వేశాడు. ట్రక్కు టార్పాలిన్ కొస కత్తిరించి, లావు దారంతో. ఇదేం కుట్టురా, నేనేమన్నా గోనెసంచినా అని బుల్లోడు ఏడిపించేవాడు. ముట్టుకుంటే అరచేతికి గరుగ్గా తగిలేది.

కొండ మీద పోస్టులో మాకో పద్ధతి ఉండేది. కాపలా దిగేవాడు తన కోటు విప్పి, ఎక్కేవాడికి తొడగాలి. ఒంటి వేడికి అది వెచ్చగా ఉంటుంది కదా. ఎక్కేవాడి చల్లటి కోటు దిగేవాడు తీసుకుంటాడు, వాడెలాగూ దుప్పట్లో దూరబోతున్నాడు. ఎవరు మొదలెట్టారో తెలియదు గానీ మంచి పద్ధతే. ఆ వేళ బుల్లోడు దిగాడు, నేను ఎక్కాను. వేసుకోరా, పొయ్యి మీంచి దించినట్టుంది అన్నాడు. వాడి నోట నేను విన్న ఆఖరి మాట అదే.

ఫిరంగి షెల్ పడింది. పొగ, మంచు, కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడలేదు. నా దవడ పగిలిపోయింది. నోటినిండా రక్తం, మాట లేదు. గున్న కింద స్టోరులో ఉన్నవాడు పరుగెత్తుకొచ్చాడు. నేలంతా తడుముకుంటూ వచ్చాడు. వాడి చెయ్యి నా భుజం మీద పడింది. అతుకు తగిలింది. బుల్లోడా అన్నాడు.

కోట్లు మార్చుకుంటామని వాడికి తెలియదా? తెలుసు. రోజూ వాడి కళ్లముందే మార్చుకునేవాళ్లం. కానీ ఆ క్షణంలో వాడి చెయ్యి, వాడు వేసిన కుట్టుని గుర్తుపట్టింది. మిగతాదేదీ వాడికి గుర్తురాలేదు.

నన్ను భుజాన వేసుకుని కొండ దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. నాతో కాదు, బుల్లోడితో. నిద్రపోకురా బుల్లోడా, ఇంకొక్క మలుపు, ఇదిగో వచ్చేశాం, ఇంకొక్క మలుపు. నేను వాణ్ణి కాదురా అని చెప్పడానికి నాకు నోరు లేదు. చెయ్యి ఎత్తబోయాను, లేవలేదు. కింద డ్రైవర్ లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. గున్న నన్ను దించి, మొహం చూశాడు.

కోటు నా మీద సర్ది, బొత్తాలు పెట్టి, మళ్లీ కొండెక్కాడు. బుల్లోణ్ణి తెచ్చాడు గానీ అప్పటికే వాడిలో ప్రాణం లేదు. డ్రైవర్ చూసింది ఇంతే, ఇద్దర్ని మోశాడని. ఎవరనుకుని ఎవర్ని ముందు మోశాడో తెలిసింది మా ఇద్దరికే. ఇప్పుడు నాకొక్కడికే.

నా పెళ్లి, నా పిల్లలు, ఈ ఉద్యోగం, ఈ మెత్తటి అన్నం, అన్నీ బుల్లోడి కోటు జేబులోంచి తీసుకున్నట్టే అనిపిస్తుంది. విసుగొచ్చేసింది. ఒక్కటి తెలిస్తే చాలు. నన్ను మోసినందుకు గున్న బాధపడ్డాడా? ఆ మాట అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ చాలలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

జనవరి 30, శుక్రవారం

గున్న కూతురు వచ్చింది. బడిలో లెక్కలు చెప్తుంది, చేతులకి ఇంకా సుద్దపొడి ఉంది. సభలో మీరేం మాట్లాడతారో కనుక్కుందామని వచ్చాను అంది. నేను గొంతు సవరించుకునేలోపే, ముందు నాదో సందేహం తీర్చండి మామయ్యా అంది.

ఆఖరి రోజుల్లో గున్న ఒకటే గోలట. కోటు తీసెయ్, కోటు తీసెయ్ అని. ఇంట్లోవాళ్లని చూస్తే ఊరుకునేవాడట, తెల్లకోటు వేసుకున్న డాక్టర్ వస్తే మాత్రం మంచం మీంచి లేవబోయేవాడట. సూది అంటే భయమేమో అనుకున్నారట. ఏ కోటు మామయ్యా, మీకేమన్నా తెలుసా అంది.

అడక్కుండానే జవాబు వచ్చేసింది అనుకున్నాను. పోయే ముందు కూడా వాడు నా ఒంటి మీంచి ఆ కోటు విప్పిస్తూనే ఉన్నాడు.

అంతా చెప్పేశాను. బడ్డీలు, అతుకు, పొగ, లాంతరు, అంతా. దవడ లాగేస్తున్నా ఆపలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడ వినడం కూడా ఇదే మొదటిసారి. అందుకా ఈ శాలువాలు అని మాత్రం అంది.

ఆ అమ్మాయి కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. దిగేటప్పుడు నాన్న ఏమన్నాడో మళ్లీ చెప్పండి అంది. ఇంకొక్క మలుపు అన్నాడు అని చెప్పాను. భోరుమంది. చిన్నప్పుడు బడి నుంచి నడవలేనని మారాం చేస్తే భుజాన వేసుకుని అదే అనేవాడట. బడి నుంచి ఇంటికి తిన్నటి రోడ్డు, ఒక్క మలుపూ లేదు మామయ్యా అని ఏడుస్తూనే నవ్వింది.

కాసేపయ్యాక నేనే అడిగాను. ఆ కోటు గోల చివరికి ఎలా ఆగిందమ్మా అని. డాక్టర్ మంచివాడట. ఒకరోజు, సరే తాతా, ఇదిగో తీసేశా అని కోటు విప్పి కుర్చీ మీద పడేశాడట. గున్న ఆయన మొహం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడట. చూసి, దవడ ఎలా ఉందిరా అని అడిగాడట. డాక్టర్ పంటి నొప్పేమో అనుకుని గున్న నోరే తెరిచి టార్చి వేసి చూశాడట. మేమూ పన్నేమో అనుకున్నాం అంది ఆ అమ్మాయి. ఆ తర్వాత మళ్లీ కోటు మాట ఎత్తలేదట.

నేను ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గెందుకు, పసిపిల్లాడిలా ఏడ్చాను. మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

సభ అయింది. చిన్న హాలు, మడత కుర్చీలు, కీచుమనే మైకు. నన్ను పిలిచారు. నేను గున్నని మోయలేదు, గున్న నన్ను మోశాడు అన్నాను. తర్వాత బుల్లోణ్ణి కూడా మోశాడు అన్నాను. బుల్లోడి అసలు పేరు చెప్పాను, మైకులో, గట్టిగా. కోటు సంగతి చెప్పలేదు. అది వాడి కూతురికి చెప్పాను, చాలు. డ్రైవర్ ఒక్కడే చప్పట్లు కొట్టాడు. అందరూ తిరిగి చూసేసరికి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వైర్‌లెస్ మాత్రం, కరెక్ట్, కరెక్ట్ అన్నాడు.

నా భయమంతా గున్న భార్య గురించే. మనిషి పోయిన బాధ చాలదన్నట్టు నేను ఇదొకటి తెచ్చి నెత్తిన పెట్టాను కదా. టీ తాగుతుంటే దగ్గరికొచ్చింది. నాకు తెలుసు అన్నయ్యగారూ అంది. ఆ మనిషి ఒళ్లెంత, మీ ఒళ్లెంత, పక్కకి తిప్పాలంటేనే ముగ్గురం పట్టేవాళ్లం, మీరు కొండ దించారంటే నమ్మడానికి నాకేమన్నా పిచ్చా అంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా అన్నాను. ఆ కథ చెప్పుకున్న రోజు కంటినిండా నిద్రపోయేవారు, అందుకని అంది.

బస్సులో అంతా అదే ఆలోచన. ఆ కథలో గున్న ఎవర్నీ వెతకనక్కర్లేదు, పొరబడనక్కర్లేదు. ఊరికే కళ్లు మూసుకుని మోయించుకుంటాడు. అన్నాళ్లు మోసినవాడికి ఆ మాత్రం విశ్రాంతి కావాలి. నా భుజం ఎంచుకున్నందుకు నాకు గర్వంగా ఉంది. మోయలేకపోయినా సరే.

ఫిబ్రవరి 2, సోమవారం

లోపలికెళ్లేటప్పుడు కంపెనీ కోటు వేసుకున్నాను. చేతులు పొడుగు, మడిచాను. వెచ్చగానే ఉంది.

దవడ బానే ఉందిరా.