మిల్లుకు కట్టిన వెల

కంబదూరు

ప్రియమైన తమ్ముడు వీరేష్‌కి,

ఫోన్లో అయితే ఏడుపొచ్చి చెప్పాల్సింది మర్చిపోతా, అందుకే రాస్తాండా. మన చెనిక్కాయ నూనె మిల్లు కాలిపోయిన సంగతి నీకు తెలిసిందే. ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయరు వచ్చి, నల్లబడిన గోడల్ని చూసి, సగం నష్టమే ఇస్తామన్నాడు. "మిషన్లు పాతవమ్మా" అంటాడు. మీ బావ ఒప్పుకోలేదు. ధర కుదరకపోతే మా తరఫున నష్టానికి వెల కట్టే మదింపుదారు ఒకరు, వాళ్ల తరఫున ఒకరు చూసి తేల్చొచ్చని పాలసీలో ఉండాదంట. నీ పనే అది కదా, నువ్వే రా.

కాలిన చోటు అమావాస్య నాటికి నల్లగా ఉండకూడదని మసి కడిగించి, సున్నం కొట్టించినాం. కాలిన మోటారు, ఇనుమంతా పాత సామాన్లవాడికి వేసేసినాం. ఇప్పుడు చూడముచ్చటగా ఉండాది. మిల్లు తిరగకపోతే మాకు వేరే బతుకు లేదప్పా.

నీ అక్క,
నాగలక్ష్మి

బెంగళూరు

ప్రియమైన అక్కకు,

నేను రాకూడదక్కా. ఈ పనికి సొంతవాళ్లు పనికిరారు. దేవేంద్ర అని నిక్కచ్చి మనిషిని పంపుతున్నాను. అతని మాట, కంపెనీ మనిషి మాట కలిస్తే అదే ఆఖరు. కలవకపోతేనే మధ్యవర్తి తేలుస్తాడు.

సున్నం కొట్టించి, ఇనుము అమ్మేసి ఎంత పని చేశారక్కా! కాలిన మోటారు కళ్లముందుంటేనే కదా దానికి వెల కట్టేది! ఇప్పటికైనా, అతను రాకముందే, సర్వేయరు ఇస్తానన్నది తీసుకోమని బావకు చెప్పు. నా మాట విను.

నీ తమ్ముడు,
వీరేష్

కంబదూరు

ప్రియమైన తమ్ముడికి,

మీ బావ వినలేదు. "వాళ్లు బిచ్చమేసినట్ల వేస్తే తీసుకోవాల్నా?" అన్నాడు. దేవేంద్రన్న వచ్చి తెల్లగోడల్ని తట్టి చూసినాడు, గట్టిగానే ఉండాయన్నాడు. "మోటారు యాడుండాదమ్మా?" అన్నాడు. లేదని చెప్పినా. కంపెనీ తరఫున వచ్చినాయనా అవే మాటలు రాసుకున్నాడు. ఇద్దరి మాటా కలిసింది. సర్వేయరు ఇస్తానన్న దానికన్నా తక్కువ తేలింది. మేం పిలిపించుకున్న మనిషే సంతకం పెట్టినాడు. ఆయన్ని నేను తిట్టలేదు, కనపడని దానికి వెల ఎట్ల కడతాడు? అన్నం పెట్టి పంపినా. 

వచ్చిన దుడ్లు బ్యాంకు అప్పుకే పోయినాయి. మిల్లు ఇంక తిరగదు. మీ బావ రాప్తాడులో ఎవరిదో నూనె మిల్లులో కూలికి చేరినాడు. వారానికొకసారి వస్తాడు. ఆయన చొక్కాలో మునుపటి నూనె వాసనే. దగ్గరికి పోతా. ఆ నూనె మనది కాదని గుర్తొచ్చి, బయటికి పోయి కూర్చుంటా.

నువ్వు బాధపడొద్దు. వేళకింత తిను.

నీ అక్క,
నాగలక్ష్మి