మక్కలు ఎండే రోడ్డు

ఎల్లారెడ్డి మండలం,
12 ఫిబ్రవరి 2026

చక్రధర్‌కు,

రామస్వామి నమస్కారాలు. కామారెడ్డిలో నువ్వు, చెల్లెమ్మ వనజ క్షేమమని తలుస్తాను. నేను బతికే ఉన్నాను. ‘ప్రియమైన’ అని మొదలుపెట్టి కొట్టేశాను. నా కొడుకు అరుణ్‌కుమార్ పోయి రెండేళ్లు కావస్తోంది. పదో రోజుకు కూడా రాని నీకు ఆ మాట ఎక్కువనిపించింది.

పని పడింది కనుక రాస్తున్నాను. నిరుడు ఆగస్టు వానలకు మా ఊరి సిమెంటు రోడ్డు అడుగున మట్టి కోసుకుపోయి పలకలు పలకలుగా కూలింది. ముప్పై ఏళ్లు తిరిగి చూడనక్కర్లేదని ఇంజనీరు హోదాలో నువ్వు వేయించిన రోడ్డే. పన్నెండేళ్లకే పోయింది. ఆనాడు నేను తారు అంటే, “లెక్కల పంతులుకు రోడ్ల సంగతేం ఎరుక” అని పదిమందిలో నవ్వావు.

మళ్లీ వేస్తారట. వచ్చే శుక్రవారం గ్రామసభ. “చక్రధర్ సారు ఏది రాసిస్తె గదే ఏస్తం” అంటున్నాడు కొత్త సర్పంచ్ నరేందర్. తారే మేలని నువ్వు రాసివ్వాలి.

దొరికినవన్నీ చదివాను. సిమెంటు బట్టీలు కక్కే పొగ చిన్నది కాదు. తారుకు మొదట సగం ఖర్చే. ఐదారేళ్లకోసారి మళ్లీ పోయాలి, నిజమే. కానీ పాత తారును తవ్వి, వేడిచేసి, తిరిగి వాడొచ్చు. సిమెంటును నల్లా పైపు కోసం ఒకసారి కోస్తే ఆ గాటు ఇక మానదు.

పోయిన సభలో ఇదంతా చదివి వినిపించాను. గౌరవ్వ లేచింది. బీడీలు చుట్టి, ఎకరం మక్కజొన్న వేసి, తల్లిలేని ఇద్దరు మనవరాళ్లను సాకుతున్న మనిషి. “సారూ, నీ లెక్కలు నీకు, మా మక్కలు మాకు. తారు మీద ఆరబోస్తె నల్లగ అంటుతది, సేటు ధర కోస్తడు. సిమెంటే ఎయ్యిండ్రి” అన్నది. వెనక నుంచి మల్లన్న, “సారును గూడ జర ఎండల ఆరబోయిండ్రి, ఇంక పచ్చి మీదనే ఉన్నడు” అన్నాడు. సభంతా నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ నవ్విన వాళ్లలో సగం మందికి ఎక్కాలు నేర్పింది నేనే.

నీ సంతకంతో రెండు వాక్యాలు చాలు. ఇచ్చాక మళ్లీ నన్ను పలకరించనక్కర్లేదు.

ఇట్లు,
రామస్వామి

తా.క. లెక్క నీ వైపే తేలింది. ఎన్నిసార్లు లెక్కేసినా ముప్పై ఏళ్లకు సిమెంటే చవక. పొగలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ వానకు తారు రోడ్డయినా కొట్టుకుపోయేదే. నువ్వు ఎలాగూ పట్టేస్తావు, అందుకే నేనే చెబుతున్నాను.

అరుణ్ స్పీడుగా వచ్చి రోడ్డు కింది మోరీ దగ్గర పడ్డాడని పోలీసులు రాశారు. కాదు. మబ్బు పట్టిన సాయంత్రం. వాన పడుతుందని రోడ్డు మీది మక్కల కుప్పకు నల్ల కవరు కప్పి, అంచున బండ పెట్టి ఇంటికి పోయారు. వాడి బండి దానికి తగిలి, జారుతూ మోరీ దాకా పోయింది. ముందు చేరింది నేనే. వాడిని మోరీ దాకా మోసుకొచ్చాక జనం వచ్చారు, అక్కడే పడ్డాడనుకున్నారు.

కుప్ప గౌరవ్వది. ఆమెకు తెలియదు. తెలిస్తే బతకదు, ఆ పిల్లలకు ఇంకెవరూ లేరు. కనుక సభలో నోరు విప్పలేను. నల్ల రోడ్డయితే దాని మీద ఎవరూ మక్కలు పోయరు. గౌరవ్వకు ఆరబోసే జాగా పోతుంది. పోనీ.

అబద్ధమే అయినా, తారు అనే రాయి.