ఇరవై నాలుగు కాదు, యాభై ఒకటి

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, పాథాలజీ ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్లుగా పనిచేయుచున్న టెక్నీషియన్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మరణించిన లాండ్రీ ఉద్యోగిని పేగు పరీక్ష రిపోర్టును సవరించుట గురించి.

1. సదరు ఉద్యోగిని మన లాండ్రీలో దుప్పట్లు ఉతికేది. నన్ను "తమ్ముడూ" అని పిలిచేది. కిందటేడు విరేచనాలు పట్టుకుని మనిషి సగమైనందున, చిన్నపేగు నుండి నువ్వుగింజంత ముక్క తీసి మా ల్యాబ్‌కు పంపిరి.

2. మామూలు గులాబీ, ఊదా రంగులు వేసి, పేగు లోపొరలో నూరు కణాలకు ఎన్ని రక్షణ కణాలు చొరబడినవో లెక్కించితిని. ఇరవై నాలుగు. ఇరవై అయిదు దాటితేనే గోధుమ పడని జబ్బును అనుమానించుట మన ల్యాబ్ రివాజు. కావున "సాధారణం" అని పెద్దడాక్టరు గారు సంతకం చేసిరి. ముక్క మందంగా తెగినందున కణాలు ఒకదానిమీద ఒకటి పడి, ఏది ఏదో సరిగా తెలియలేదు. మందంగా కోసినదీ నేనే. ఆ రోజు నలభై ముక్కలున్నాయి. తొందరపడ్డాను.

3. పేగులో ఏమీ లేదు గనుక జబ్బు మనసుదని నిర్ణయించి నిద్రమాత్రలు ఇచ్చిరి. సెలవుల కోసం నటిస్తోందని లాండ్రీ సూపర్‌వైజరు రాసిరి. ఆవిడ నా గది గుమ్మం పట్టుకుని నిలబడి, "తమ్ముడూ, నాకు పిచ్చి లేదురా. నువ్వైనా ఇంకోసారి చూడు" అన్నది.

4. చూచితిని. అదే ముక్క నుండి పలుచగా కోసి, రక్షణ కణాలను మాత్రమే కాఫీరంగులో పట్టి చూపే ప్రత్యేక రంగు వేసి మూడుసార్లు లెక్కించితిని. యాభై ఒకటి. ముక్కలు అంటించిన రెండు స్లైడు అద్దాలూ పక్కపక్కన పెట్టి చూపగా పెద్దడాక్టరు గారు, "సంతకమైపోయిన రిపోర్టయ్యా. అనుమతి లేకుండా నిన్నెవరు రంగు వెయ్యమన్నారు?" అని మెమో ఇచ్చిరి. నేను నోరు మూసుకున్నాను. ఆవిడ గోధుమరొట్టె తింటూనే ఉంది. అయిదు నెలలకు పోయింది. స్ట్రెచర్ మీదికి ఎత్తినవాళ్లలో నేనొకణ్ణి. బరువే తెలియలేదు.

5. ప్రస్తుతం ఆమె కుమార్తెకూ అవే విరేచనాలు. ఈ జబ్బు రక్తసంబంధీకులకు రాగలదు. అయినను "తల్లికే లేదు కదా" అని, నేను లెక్కపెట్టిన ఆ ఇరవై నాలుగునే చూపి పరీక్షకు నిరాకరించుచున్నారు.

కావున రిపోర్టు సవరించి, ఆ పిల్లకు పరీక్ష చేయించి, ఇకపై ఇరవై దాటిన ప్రతి ముక్కకూ ప్రత్యేక రంగు వేయుటకు ఉత్తర్వులిప్పించ ప్రార్థన. నాపై ఏ చర్యకైనా సిద్ధము. ఈ ఒక్క కాగితాన్నైనా తొందరపడక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తప్పు లెక్కపెట్టిన టెక్నీషియన్

తా.క. కవరు అంటించేలోగా ఆ పిల్లే వచ్చింది. అనుమతి అడగలేదండీ. మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి రెండూ చూపించాను. వేరే ఆసుపత్రిలో చూపించుకోమని ఆ అద్దాలు తన చేతిలో పెట్టేశాను. పిల్ల తల పైకెత్తలేదు. "అమ్మ నటిస్తోందని నేనూ తిట్టాను మామయ్యా" అంది.