కాటా కర్రలకు కెమెరా

బుధవారం

ఈరోజుతో ఫోన్ కెమెరాకు సెలవు. అమ్మమ్మ చేత్తో రాసుకున్న చర్చి పాటల నోటుబుక్కును దాంతో తీస్తే, అంచుల్లో గీతలన్నీ విల్లులా వంగిపోతున్నాయి. నేను పాఠాలు చెప్పే స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు తన కెమెరా ఇచ్చి, "జూమ్ లెన్స్ యాభై మిల్లీమీటర్లకి తిప్పి, కెమెరా బాగా పైకెత్తండి. గీతలు తిన్నగా వస్తాయండి" అన్నారు. ఎత్తు ఎక్కడిది? పత్తి తూచేటప్పుడు కాటా వేలాడదీసే మూడు కర్రలు అమ్మ తెచ్చి హాల్లో నిలబెట్టింది. కాటా బదులు కెమెరా కట్టి, ఊగకుండా తాళ్ళు బిగించాం. ఇద్దరికీ ఒకటే నవ్వు.

గీతలు తిన్నగా వచ్చాయి. ఒక పేజీ మూల ఎర్రటి మరక ఉంటే కంప్యూటర్లో తుడిచేసి, అమ్మకు గొప్పగా చూపించాను.

"మా అమ్మ వేలు ఏదే?" అంది.

అమ్మమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ, ఆ చేత్తోనే పేజీ తిప్పేదట.

"మా అమ్మ ఏ కాయితం మీదా వేలిముద్ర వెయ్యలేదే, సంతకమే పెట్టేది. ఉన్నది ఇదొక్కటే. అదీ చెరిపేశావా?"

వెంటనే వెనక్కి తెచ్చాను. ఇంతకుముందు తీసిన పేజీల్లో ఇలాంటివి ఎన్ని తుడిచేశానో, రేపు చూడాలి...

ఫోన్‌తో తీసినప్పుడు అది ఉత్త మరకే. ఈ లెన్స్‌లో వేలి గీతలు కూడా పడ్డాయి. అవి మాత్రం వంగే ఉన్నాయి.